నూకరత్నం ఎడమ చెయ్యి

తప్పు నాదే. ఈ మాట విచారణ కమిటీ ముందు చెప్పాను, డాక్టర్ హరిప్రియ గారి ముందు చెప్పాను, ఇంట్లో మా ఆవిడ ముందూ చెప్పాను. కమిటీ వాళ్ళు "నిబంధన ప్రకారమే చేశారు కదండీ" అన్నారు. హరిప్రియ గారు "లోపం పద్ధతిలో ఉంది గున్నేశ్వరరావు గారూ, మీలో కాదు" అన్నారు. మా ఆవిడ మాత్రం "ఏం పని చేస్తావమ్మా అని ఆ మనిషిని ఇంకోసారి అడగడానికి నోరు పడిపోయిందా మీకు?" అంది. ముగ్గురిలోనూ నిజం మాట్లాడింది మా ఆవిడొక్కతే.

కాకినాడలో ఒక నాడీ పరిశోధన కేంద్రంలో నేను టెక్నీషియన్‌ని. ఇరవై ఆరేళ్ళుగా నరాలు దెబ్బతిన్నవాళ్ళనే చూస్తున్నాను. నరం తెగిందంటే చెయ్యి కదలదు, అంతే అనుకుంటారు జనం. అంతే అయితే బాగానే ఉండును. కదలిక పోవడం సగం, స్పర్శ పోవడం మిగతా సగం. స్పర్శ పోయినవాడికి తన చెయ్యి తనది కాదు. తలుపు సందులో పడి నలిగినా తెలియదు. నిద్రలో తన చెయ్యే మొహం మీద పడితే, పక్కన ఎవరో పడుకున్నారనుకుని కేకపెట్టి లేచినవాళ్ళను నేనెరుగుదును.

అబ్బులు అలాంటి చెయ్యి పట్టుకునే మా దగ్గరికొచ్చాడు. పట్టుకుని అంటే నిజంగానే పట్టుకుని. ఎడమ చేత్తో కుడి చేతిని మోసుకుంటూ వచ్చాడు. ఆత్రేయపురం పక్క ఊరు. కొబ్బరికాయల ట్రాలీ ఆటో నడిపేవాడు. కాలవ గట్టు మీద బండి తిరగబడి కుడి భుజం నేలకు కొట్టుకుంది. మెడలోంచి చేతికి దిగే నరాలు మొదలంటా తెగిపోయాయి. వెంట వచ్చిన భార్య నూకరత్నం, ఆ చెయ్యి వేలాడకుండా తువ్వాలుతో అతని మెడకు కట్టింది.

"పైకి గీతైనా పడలేదండి బాబూ," అంది నాతో. "ఎముక ఇరగలేదు, రగతం రాలేదు. దిష్టి అనుకున్నామండి ముందు. దిగదుడిచి పోశాం కూడానండి."

హరిప్రియ గారు పదేళ్ళు కష్టపడి కనిపెట్టింది ఒక దారం. బతికున్న మనిషి ముంజేతిలోంచి వేలెడు నరం తీసి, ద్రావకంలో పెంచి, బారెడు చేస్తారు. దాన్ని రోగి మెడ దగ్గర నరం మొదలుకు అతికించి, వేలి కొసల దాకా పాకిస్తారు. ప్రయోగశాలలో కొత్తగా పుట్టించిన నరం ఇందుకు పనికిరాదు, పాపం దానికేమీ తెలియదు. ఏళ్ళ తరబడి తాకి, నొక్కి, పట్టి, జారవిడిచి నేర్చుకున్న నరమే కావాలి. ఇచ్చినవాళ్ళకు ఆ చేతిలో మూడు వేళ్ళ స్పర్శ జీవితాంతం పోతుంది. వేళ్ళు కదులుతాయి గానీ ఏం పట్టుకున్నదీ తెలియదు. అబ్బులు అన్నకు పరీక్ష చేశాం, సరిపడలేదు. చెల్లెలికీ సరిపడలేదు. నూకరత్నం అతనికి మేనమామ కూతురు. ఆమెకు సరిపడింది.

"మూడు వేళ్ళు మొద్దుబారిపోతాయమ్మా," అని చెప్పాను. "మళ్ళీ రావు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రా."

"ఆలోచనేటండీ. ఎడం చెయ్యేగా! ఆయనకి అసలు చెయ్యే లేదుగదండీ," అని వేలిముద్ర మిషను మీద వేలు పెట్టింది. మిషను ఆ ముద్ర తీసుకోలేదు. మూడుసార్లు తుడిచి వేయించాను. వేలి మీద గీతలే లేవు, నున్నగా ఉంది. చివరకు సంతకం పెట్టించాను. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా, రాలేదు.

దారం తీసే ముందు ఒక కొలత తీసుకోవాలి. నా ఉద్యోగం అదే. రోగి కాలర్ బోన్ కింద గోరంత బిళ్ళ ఒకటి పెడతాం. వేళ్ళ నుంచి దారం మోసుకొచ్చే కబురును మెదడుకు అర్థమయ్యేలా పంపేది ఆ బిళ్ళే. ఎంత వేడి వరకు వెచ్చదనం, ఎక్కడ నుంచి మంట అన్నది దానికి మనం చెప్పాలి. దారం ఎవరిదైతే కొలత వాళ్ళదే. అందుకని ఇచ్చే మనిషి వేళ్ళను లోహపు పలక మీద పెట్టించి, పలకను మెల్లగా వేడిచేస్తాం. ఆ మనిషి ఎక్కడ 'అబ్బా' అంటే అక్కడ గీత గీస్తాం. మామూలు మనుషులు నలభై మూడు డిగ్రీలకో నలభై అయిదుకో చెయ్యి లాగేసుకుంటారు.

నూకరత్నం లాగలేదు.

"కాలితే చెప్పమ్మా."

"ఆయ్."

నలభై అయిదు దాటింది. నలభై ఎనిమిది దాటింది.

"కాలడం లేదా?"

"ఎచ్చగుందండి."

పలక పాడైందనుకున్నాను. నా వేలు పెట్టి చూశాను. చుర్రుమంది. నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటే ఆవిడ పకపకా నవ్వింది. "అదేటండీ మేష్టారూ! మీకే కాలిందా?"

పలక మార్చాను. మళ్ళీ అదే వరస. యాభై ఆరు దగ్గర కాస్త నుదురు చిట్లించి, "ఇంక చాలండి," అంది. కాలిందని మాత్రం అనలేదు.

యాభై దాటితే వృత్తి అడగాలని నిబంధన. అడిగాను. "ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

ఆవిడ నోరు తెరిచేలోగా గుమ్మంలో కూర్చున్న అబ్బులు అందుకున్నాడు. "దానికి పనేటండీ? ఇంటికాడే ఉంటాది."

నేను ఆవిడ వైపు చూశాను. "అంతేనండి. ఇంటికాడేనండి," అంది ఆవిడ కూడా.

దరఖాస్తులో 'గృహిణి' అనే ఉంది. పొయ్యి దగ్గర మెసిలే ఆడవాళ్ళ వేళ్ళు కాస్త మొద్దుగానే ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అయినా మనసొప్పక హరిప్రియ గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఏదో మీటింగులో ఉండి, "ఇచ్చేవాళ్ళ మాటే ఫైనల్, రాసెయ్యండి," అన్నారు. యాభై ఆరు అని రాశాను. కింద సంతకం పెట్టి తేదీ వేశాను.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. నాలుగో నెలలో చూపుడువేలు కదిలింది. అయిదో నెలలో గ్లాసు ఎత్తాడు. ఆరో నెలలో కళ్ళకు గంతలు కట్టి బల్ల మీద రకరకాల వస్తువులు పెట్టాం. బియ్యం, కందిపప్పు, ఉన్ని, ఇసుక కాగితం. ఒక్కటీ తప్పలేదు. చివర్న హరిప్రియ గారు సైగ చేస్తే నూకరత్నం తన కుడి చెయ్యి అతని చేతిలో పెట్టింది.

అబ్బులు కాసేపు తడిమాడు. "ఇది మా రత్నమండి," అన్నాడు. "బియ్యప్పిండి ఒదలదండి దీని గోళ్ళల్లో." అని గంతలు కట్టుకునే ఏడ్చేశాడు. ఆవిడా ఏడ్చింది. హరిప్రియ గారు గోడ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

"నా చేతికి దీని బుద్ధులొచ్చేశాయండి బాబూ," అని వెళ్ళేటప్పుడు అందరి ముందూ వేళాకోళం చేశాడు. "చెంబు పట్టుకుంటే తోమెయ్యాలనిపిత్తంది."

"ఇన్నాళ్టికి నీకో మంచి బుద్ధొచ్చిందిలే బావా," అంది ఆవిడ. అన్నం మూట తన ఎడమ చేత్తో ఎత్తబోయి జారవిడిచింది. మొద్దు వేళ్ళకు పట్టు తెలియలేదు. ఎవరూ చూడలేదనుకుని గబుక్కున కుడి చేత్తో తీసుకుంది.

మూడు నెలల తరవాత రోగి ఇంటికెళ్ళి ఒకసారి చూసి రావాలి. పొద్దున్నే బయలుదేరి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇల్లు కాలవకి ఈ పక్కనే. పెరట్లో తాటాకు పాకలోంచి పొగ వస్తోంది. వంటనుకున్నాను. తల వంచి లోపలికి వెళ్ళాను.

బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు మండుతున్నాయి. కుండ ముందు నూకరత్నం కూర్చుని, పల్చటి గుడ్డను పాలలాంటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, కుడి చేత్తో కుండ మీద ఇలా పరిచి అలా లాగింది. చిటికెలో కుండ మీద తెల్లటి పొర లేచింది. పక్కనే కూర్చున్న అబ్బులు తన కుడి చేతి వేళ్ళతో ఆ పొర అంచు పట్టి, చిరక్కుండా మొత్తం లేపి పళ్ళెంలో వేశాడు. పూతరేకు. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పొర, మళ్ళీ అతని వేళ్ళు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

"రండి మేష్టారూ, రండి!" అన్నాడు నన్ను చూసి. "చూశారా నా పనితనం? పుట్టి బుద్దెరిగాక నేను రేకు ముట్టుకోలేదండి. ఈ చెయ్యొచ్చాక మొదటి రోజే చిరక్కుండా లేపానండి. దీని ఎడం చెయ్యి చేసే పనండి ఇది. ఇప్పుడు దానికి ఆ మూడు వేళ్ళూ తెలీక రేకులన్నీ చింపేత్తందండి. అందుకని దాని ఎడం చెయ్యి నేనేనండి."

నేను ఆవిడ వైపు తిరిగాను. "ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నావమ్మా రేకులు?"

"పదేళ్ళప్పటి నుంచండి. మా అమ్మ కాడ నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళు దాటిపోయిందండి."

"మరి పనేమీ లేదన్నారు కదమ్మా!"

"ఇది పనేటండీ, ఇంటికాడ కూకుని తీసేదేగా. షావుకారు మనిషొచ్చి పట్టుకెల్తాడు," అంటూ కుండ వేడి ఎంతుందో చూడడానికి కుడి అరచెయ్యి దాని మీద ఆనించింది. ఆనించి, మాట్లాడుతూ, అలాగే ఉంచింది.

"చెయ్యి తియ్యమ్మా, కాలుతుంది!" అని అరిచాను.

"అయ్యో, ఆ మాటనకండి!" అని కంగారుపడింది. "కుండ ముందు కాలిందన్న మాట రాకూడదండి, రేకు చిరిగిపోద్ది. చిన్నప్పుడు ఆ మాటంటే మా అమ్మ నెత్తి మీద మొట్టేది. అందుకనే మీ కాడ కూడా అన్లేదండి నేను."

నేను అబ్బులు చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగాను. మూడు వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. విప్పాను. లోపల చర్మం లేదు. మధ్య వేలి కొస తెల్లబడి, ఉడికిన కంద ముక్కలా మెత్తగా ఉంది. వాసన వచ్చింది.

"ఏంటిది?"

"బొబ్బలండి," అంది నూకరత్నం తేలిగ్గా. "మొదట్లో అందరికీ లేత్తాయండి. నాకూ లేచాయి, మా అమ్మకీ లేచాయంట. పసుపు రాత్తన్నాను. ఆనక గట్టిపడిపోద్దండి."

"నొప్పి లేదా అబ్బులూ?"

"నొప్పేటండీ, ఎచ్చగుంటాది. హాయిగా ఉంటాదండి," అన్నాడు అబ్బులు నవ్వుతూ.

ఆవిడ వేళ్ళు గట్టిపడింది ముప్ఫై ఏళ్ళలో. ప్రతిరోజూ ఎక్కడ తీసెయ్యాలో నొప్పి చెబుతుంటే, ఆ మాట వింటూ, కాస్త కాస్తగా గట్టిపడ్డాయి. అబ్బులు చర్మం ఆటో నడిపినవాడి చర్మం. ఆ చర్మం మీద నేను ఆవిడ గీత గీశాను. యాభై ఆరు దాకా అతనికి అంతా హాయే. ఇదంతా ఆ పాకలో నిలబడే నాకర్థమైంది. కానీ వాళ్ళకు అప్పుడేమీ చెప్పలేదు. "బండెక్కండి, ఆసుపత్రికి వెళ్ళాలి," అన్నాను. "రేకులు పళ్ళెంలో ఎండిపోతాయండి," అంది ఆవిడ. "ఎండనీ!" అని గట్టిగా కసిరాను. ఆ కసురు ఎవరి మీదిదో ఆవిడకేం తెలుసు.

కాలిన వేలి కొసల్లో దారం చచ్చిపోయింది. చచ్చింది అక్కడితో ఆగలేదు. రోజుకింత చొప్పున వెనక్కి, మెడ వైపు ఎండుకుంటూ వచ్చింది. పొద్దున్నే సూది మొన తాకించి ఎక్కడి దాకా తెలుస్తోందో పెన్నుతో గుర్తు పెట్టేవాణ్ణి. మొదటిరోజు మణికట్టు. మర్నాడు దానికి నాలుగు వేళ్ళు పైన. స్పర్శ పోయిన చోట వెనకే కదలిక కూడా పోయేది. బిళ్ళలో యాభై ఆరు తీసేసి నలభై నాలుగు పెట్టాను. అది ఇంకా ఘోరమైంది. చచ్చిపోతున్న నరం పిచ్చి కేకలు వేస్తుంది. ఇప్పుడు ఆ కేకలన్నీ అతనికి మంటలుగా వినపడ్డాయి. దుప్పటి తగిలితే మంట, ఫ్యాను గాలి తగిలితే మంట. నూకరత్నం ఊదబోతే "ఊదకే, ఊదకే" అని గోల పెట్టాడు. అంకె వెనక్కి మార్చాను, ముందుకు మార్చాను, ఏది పెట్టినా ఒకటే. తొమ్మిది రోజులు ఆ మనిషి అరుస్తూనే ఉన్నాడు. పదో రోజు అరుపు ఆగింది. వెళ్ళి చూస్తే చెయ్యి మంచం అంచు నుంచి కిందికి వేలాడుతోంది. అతనికి ఆ సంగతి తెలియదు. నేనే ఎత్తి దిండు మీద పెట్టాను.

హరిప్రియ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, నేను రాసిన ఆ యాభై ఆరు వల్లే చెయ్యి కాలిందని ముందు చెప్పారు. తరవాత మిగిలిన దారి చెప్పారు. ఇంకో దారం వెయ్యొచ్చు. పాత దారం చచ్చాక మెడ దగ్గర నరం మొదలు నలభై రోజుల దాకా తెరుచుకునే ఉంటుంది. ఆ తరవాత మచ్చకట్టి మూసుకుపోతుంది. మూసుకున్నాక భూమ్మీద ఎవరూ ఏం చెయ్యలేరు. దారం మాత్రం నూకరత్నందే కావాలి. ఎడమ చేతిలో ఇంక తీయడానికి లేదు.

నూకరత్నం కుడి చెయ్యి బల్ల మీద పెట్టేసింది. "తీసుకోండి."

"ఒద్దు," అన్నాడు అబ్బులు.

"నువ్వూరుకో బావా."

"రెండు చేతులూ మొద్దయితే ఇంక రేకేం తీత్తావే? గుడ్డ ఎంత లాగాలో ఎలా తెలుత్తాది నీకు?"

"తియ్యను. మానేత్తాను. రేకులు తియ్యనోళ్ళు బతకడం లేదా ఊళ్ళో? నీకు చెయ్యొత్తే బండి నడుపుకుంటావు."

"పదేళ్ళప్పటినుంచి చేత్తన్నావు గదే."

"చేసింది చాలు. పనేటండీ అన్నావుగా నువ్వే!"

ఆ మాటకు అబ్బులు తల వంచేసుకున్నాడు. నేనూ తల వంచేసుకున్నాను. హరిప్రియ గారు కాగితాలు సర్దుతూ, దారం వెయ్యాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలన్నారు. నూకరత్నం అక్కడికక్కడే పెట్టేసింది. అబ్బులు పెట్టలేదు. "నువ్వు పెట్టేదాకా నేను ముద్ద ముట్టను," అని ఆవిడ వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చుంది. అన్నట్టే ముట్టలేదు. రెండో రోజు కళ్ళు తిరిగి పడిపోతే సెలైన్ పెట్టాం.

మూడో రోజు పొద్దున్న అబ్బులు నన్ను మెట్ల దగ్గర పట్టుకున్నాడు. చంకలో సంచీ ఉంది.

"ఎల్లిపోతన్నానండి," అన్నాడు. "అంతర్వేది వైపు మా ఓడికి రొయ్యల చెరువులున్నాయి. కాపలాకెల్తాను. ఒంటి చెయ్యి చాలండి దానికి."

"అదేంటయ్యా! ఆవిడ అక్కడ..."

"అది నా ఎదరే కూకుని పస్తుంటే నేను సంతకం పెట్టేత్తానండి. నా సంగతి నాకు తెలుసు. ఈపాటికే సగం పెట్టేశాను లోపల. ఇంకెన్ని రోజులున్నాయండీ?"

"ముప్ఫై ఏడు."

"అయ్యాక వత్తాను. దానికి చెప్పకండి. చెబితే నా ఎనకాలే వచ్చేద్ది. దాని చెయ్యి కూడా పోద్ది. ఆ పాపం కూడా మీదేనండి మేష్టారూ," అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి, ఎడమ చేత్తో నా భుజం తట్టి దిగి వెళ్ళిపోయాడు.

నూకరత్నం అన్నం తినడం మొదలెట్టింది. మనిషే లేనప్పుడు పస్తెవరి కోసం? జగన్నాథపురంలో పిన్నత్త వరస ఆవిడింట్లో దిగి, పొద్దున్నే తొమ్మిదింటికల్లా మా వరండాలో బెంచీ మీద ఉండేది. కుడి చెయ్యి సబ్బుతో కడిగి, గాజులు తీసేసి, శుభ్రమైన తువ్వాలులో చుట్టుకుని వచ్చేది. ఏ నిమిషానికి అతనొచ్చినా ఆలస్యం కాకూడదని.

"ఫోనేమైనా చేశాడాండీ మీకు?"

"లేదమ్మా."

రోజూ ఇదే అడిగేది, రోజూ నేను ఇదే అబద్ధం చెప్పేవాణ్ణి. ఆదివారం ఆదివారం అబ్బులు ఫోన్ చేసేవాడు. "ఇంకెన్నండీ?" అనేవాడు. ఇరవై ఎనిమిది. ఇరవై ఒకటి. పధ్నాలుగు. ఒకసారి చేతిని ఏదో కొరికేసిందన్నాడు. "ఏం కొరికిందో తెలీదండి. చొక్కా ఎర్రగుంటే చూసుకున్నాను." అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాడు. ఆవిడెలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. అదీ అబద్ధమే.

ఒక మధ్యాహ్నం వరండాలో ఎవరూ లేరు. టీ తెచ్చి ఇచ్చాను. గ్లాసు కుడి చేత్తో అందుకుంది.

"మేష్టారూ, ఆయనకి ఎడం చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోడం రాదండి," అంది. "పై గుండీ అసలు రాదు. ఇప్పుడెవరు పెడతన్నారో! మొండోడండి, ఎవర్నీ అడగడు. గుండీలు లేకండానే తిరుగుతా ఉంటాడు."

నేను చెప్పేద్దామనుకున్నాను. అంతర్వేది, రొయ్యల చెరువు, రెండే మాటలు. నోటి దాకా వచ్చాయి. చెబితే ఆవిడ ఆ సాయంత్రమే బస్సెక్కుతుంది. కాళ్ళు పట్టుకుని లాక్కొస్తుంది. ఈ చెయ్యి, ఈ గ్లాసు పట్టుకున్న చెయ్యి, గ్లాసు ఉందో లేదో తెలియని చెయ్యి అయిపోతుంది. చెప్పకపోతే ఆ మనిషికి బతికినన్నాళ్ళూ అదే చెయ్యి. ఎటు తిరిగినా ఒకరి చెయ్యి పోవలసిందే, ఏది పోవాలో నా నోటిలో ఉంది. ఇరవై ఆరేళ్ళ అనుభవం, రెండు మెడల్స్, ఇంట్లో గోడకు తగిలించిన ప్రశంసా పత్రం. ఒక్కటీ ఏ మాటా చెప్పలేదు. "టీ చల్లారిపోతోందమ్మా," అన్నాను.

నలభయ్యో రోజు సాయంత్రం అయిదింటికి హరిప్రియ గారు ఫైలు మూసి అలమారలో పెట్టారు. నూకరత్నానికి వెళ్ళి చెప్పింది నేనే. ఆవిడ విని, "రేపొకసారి చూత్తే?" అంది. చూసినా లాభం లేదమ్మా అన్నాను. "అయితే రేపొత్తాను," అని తువ్వాలు మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చింది. బెంచీ మీద అదే చోట కూర్చుంది. పదిన్నరకు అబ్బులు వచ్చాడు. గడ్డం పెరిగింది, ఎండకు నల్లగా మాడిపోయాడు. కుడి చెయ్యి తువ్వాలులోంచి జారి వేలాడుతోంది. చొక్కాకు పై రెండు గుండీలు పెట్టి లేవు.

ఆవిడ లేచి నిలబడింది. "ఎక్కడ చచ్చావు బావా?" అంది.

"అయిపోయింది రత్నం," అన్నాడు. "నిన్నటితో అయిపోయింది. ఇంక నిన్నేం అడగరు."

ఆవిడ అతని వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. "మీకు తెలుసాండీ?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా వైపు మళ్ళీ చూడలేదు.

అతని మీద పడి కొట్టడం మొదలుపెట్టింది. రెండు చేతులా కొట్టింది. తెలిసే చేత్తోనూ, తెలియని చేత్తోనూ, ఎదురుగా వేలాడుతున్న ఆ కుడి చేతి మీదే, భుజం మీద, మోచేతి మీద, దబదబా కొట్టింది. కొట్టిన ప్రతిసారీ ఆ చెయ్యి ఊగింది. వరండాలో రోగులు లేచి నిలబడ్డారు. నర్సు పరిగెత్తుకొచ్చి ఆగిపోయింది. నేను కదల్లేదు. అబ్బులు తన చెయ్యి ఊగడాన్ని వంగి కాసేపు చూశాడు.

"అటు కాదే," అన్నాడు. "అటు కొడితే నాకు తెలీదు." అని మెల్లగా తిరిగి ఎడమ భుజం ఆవిడ ముందుకు తెచ్చాడు. "ఇటు కొట్టు."